మీటకూ అక్షరానికీ మధ్య

మహాభారతాన్ని గ్రంథస్థం చేయదలచిన వ్యాసమహర్షికి విఘ్నేశ్వరుడు లేఖకుడైన కథ మనకు చిన్ననాటి నుంచి పరిచితమే. ఘంటం ఆగకుండా చెప్పాలని గణపతి, అర్థం గ్రహించనిదే రాయరాదని వ్యాసుడు పరస్పరం నియమాలు విధించుకొన్నారు. చెప్పేవాడి వేగానికీ రాసేవాడి అవగాహనకూ పొంతన కుదరకపోతే గ్రంథం చెడుతుందన్న సంగతి ఆ కథ కట్టినవారికి బాగా తెలుసు. చూపులేని విద్యార్థి మన పరీక్షశాలలో లేఖకుడి సాయంతో జవాబులు రాయిస్తున్నప్పుడల్లా నాకు ఈ కథే స్ఫురిస్తుంది. లేఖకుడు సాధారణంగా దిగువ తరగతి చదివే పిల్లవాడు. అతడి ఘంటం ఆగదు. అర్థం మాత్రం అందదు.

కొన్నేళ్ల క్రితం శంషాబాదు దగ్గరి మామిడిపల్లి నుంచి వచ్చి మా తరగతిలో చదువుకొన్న ఒక విద్యార్థికి పుట్టుకతోనే చూపు లేదు. విన్న పద్యాన్ని మరునాటికి యతిప్రాసలు చెడకుండా అప్పగించే ధారణ అతడిది. యూనిట్ పరీక్షలో అతడి జవాబుపత్రం దిద్దుతూ కంఠస్థ పద్యంలో మూడుచోట్ల గణభంగం కనిపించడంతో మార్కులు తగ్గించాను. తరగతిలో అదే పద్యం చదవమంటే ఒక్క అక్షరం తప్పకుండా చదివాడు. “నేను చెప్పింది ఇదే సార్, రాసింది ఆ తమ్ముడు” అన్నాడు. పత్రం మళ్లీ తీసి చూశాను. ‘సత్యము’ అనవలసినచోట యకారపు వత్తు జారిపోయి ‘సతము’ అయింది. సంయుక్తాక్షరానికి ముందున్న అక్షరం గురువు అవుతుందన్న నియమం మీరు ఛందస్సు పాఠంలో చదివారు. వత్తు పోతే గురువు లఘువవుతుంది, గణం మారుతుంది, పద్యం కూలుతుంది. ఆ తప్పు విద్యార్థిది కాదు. అయినా మార్కులు పోయింది అతడికే. తన జవాబు తానే కంప్యూటరు మీద రాసుకొంటానని అప్పుడే అతడు కోరాడు. చూపులేనివారు కంప్యూటరును ఎలా వాడతారో నాకు అప్పటికి ఏమాత్రం తెలియదు. ప్రబంధాలు చదువుకొన్న నేను కీబోర్డు సంగతులు అతడి దగ్గరే నేర్చుకొన్నానని చెప్పడానికి సంకోచించను.

ఈ విషయానికి ఇంటర్మీడియట్ చదువుతో గల సంబంధం చిన్నది కాదు. మచిలీపట్నం సమీపంలోని సీతారామపురంలో జన్మించిన బొల్లా శ్రీకాంత్ హైదరాబాదులోని దేవనార్ అంధుల పాఠశాలలో పదవ తరగతి పూర్తిచేశాక, చూపు లేదన్న కారణంతో ఇంటర్మీడియట్‌లో సైన్సు గ్రూపు నిరాకరించారు. అతడు న్యాయస్థానానికి వెళ్లి ఆ హక్కు సాధించుకొన్నాడు. తరువాత అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో చేరి, 2012లో బొల్లాంట్ పరిశ్రమను స్థాపించాడు. అతడి జీవితం ఆధారంగా 2024లో హిందీ చలనచిత్రం కూడా వచ్చింది. న్యాయస్థానం తరగతి తలుపు తెరిపించగలదు. లోపలికి వెళ్లిన విద్యార్థి చదవడానికీ రాయడానికీ సాధనం కావాలి. ఆ సాధనం పేరు స్క్రీన్ రీడర్. కంప్యూటరు తెర మీద ఉన్నదాన్ని పలికి వినిపించే ప్రోగ్రామిది. అయితే దాని పనిలో సగమే పలకడం. మిగిలిన సగం, కష్టమైన సగం, వినడం. అంటే వాడేవారి వేళ్లు ఏ మీట నొక్కాయో గ్రహించడం.

కీబోర్డు మీద ‘ఎమ్’ మీట నొక్కితే తెర మీద ఎమ్ పడుతుందని మనం అనుకొంటాం. నిజానికి మీటలో అక్షరం లేదు. అక్కడ ఉన్నది కేవలం ఒక స్థానం. కీబోర్డు లోపల తీగలు అడ్డువరుసలుగా, నిలువువరుసలుగా అల్లుకొని ఉంటాయి. ఒక చిన్న నియంత్రకం వాటిని క్షణక్షణమూ పరిశీలిస్తూ ఏ అడ్డు, ఏ నిలువు కలిశాయో కనిపెడుతుంది. 1981 నాటి తొలి ఐబీఎం పీసీలో ఎమ్ మీట నొక్కగానే 50 అనే సంఖ్య వెళ్లేది. వేలు ఎత్తగానే దానికి 128 కలిపి 178 వెళ్లేది. నేటి కీబోర్డులు వేరే పద్ధతిలో సంకేతాలు పంపినా, విండోస్ లోపల ఆ 50 ఇప్పటికీ చెలామణిలో ఉంది. విండోస్ దాన్ని మరో సంఖ్యగా, అంటే ఎమ్ మీటకు తాను పెట్టుకొన్న 77గా మారుస్తుంది. ఆ తరువాత ఏ భాష అమరిక ఎంచుకొన్నామో చూసి అక్షరాన్ని నిర్ణయిస్తుంది. ఇంగ్లీషు అమరికలో అది ఎమ్. మన ఇన్‌స్క్రిప్ట్ అమరికలో అదే మీట ‘స’. యూనికోడ్‌లో ‘స’కు దశాంశ లెక్కలో 3128 సంఖ్య. యాభై డెబ్భైయేడై, డెబ్భైయేడు మూడువేల నూట ఇరవైయెనిమిదైతే గాని మనకు ‘స’ దక్కదు.

ఈ దారిలో జరిగే ప్రతి చిన్న కదలికనూ కంప్యూటరు పరిభాషలో ‘ఈవెంట్’ అంటారు. తెలుగులో ఘటన అందాం. మీట నొక్కడం ఒక ఘటన, వదలడం మరొక ఘటన. మనకు ఒకటే పనిగా తోచేది యంత్రానికి రెండు. ఈ భేదం పాటించకపోతే షిఫ్ట్ మీట పనిచేయదు. షిఫ్ట్ నొక్కిన ఘటన వచ్చి, వదిలిన ఘటన ఇంకా రాలేదు కనుకనే, ఆ నడుమ నొక్కిన ‘క’ మీట ‘ఖ’ అవుతుంది. అల్పప్రాణానికీ మహాప్రాణానికీ నడుమ ఉన్నది ఒక వేలు ఎత్తకపోవడమే!

ఇక స్క్రీన్ రీడర్ ఎక్కడ నిలబడుతుంది? విండోస్‌లో మీట ఘటన మనం రాస్తున్న ప్రోగ్రాముకు చేరకముందే దాన్ని చూసే వీలు కల్పించే ఒక ఏర్పాటు ఉంది. దానికి ‘హుక్’ అని పేరు. స్క్రీన్ రీడర్ అక్కడ ద్వారపాలకుడిలా నిలబడుతుంది. వచ్చిన ప్రతి మీటనూ పరిశీలించి, ఇది నాకిచ్చిన ఆజ్ఞా, లోపలివారికి చేరవలసిన అక్షరమా అని తేల్చాలి. ఆజ్ఞ అయితే అక్కడే ఆపి తాను పని చేయాలి. అక్షరమైతే దారి ఇవ్వాలి. ఆపవలసినవారిని వదిలినా, వదలవలసినవారిని ఆపినా ముప్పే. సనకాది మునులను ఆపిన జయవిజయులకు ఏమైందో మీకు తెలుసు. ఈ ద్వారపాలకుడికి మరొక చిక్కు కూడా ఉంది. ఆలోచించడానికి ఎక్కువ వ్యవధి తీసుకోరాదు. నిర్ణీత గడువులోగా బదులివ్వని హుక్‌ను విండోస్ 7 నుంచి వ్యవస్థ చడీచప్పుడు లేకుండా తొలగిస్తుంది. ఉద్యోగం పోయినట్లు ద్వారపాలకుడికి సమాచారం కూడా రాదు. చూపున్నవాడికి అది చిన్న ఇబ్బంది. చూపులేనివాడికి నోటిలోని మాట పోయినట్లే.

ఆజ్ఞలకూ అక్షరాలకూ ఒకే కీబోర్డు కావడమే అసలు సమస్య. ఈ సమస్యను తొలినాటి నిర్మాతలు వేరువేరుగా ఎదుర్కొన్నారు. 1980ల నడుమ ఐబీఎంలో జిమ్ థాచర్ రూపొందించిన స్క్రీన్ రీడర్ ఆజ్ఞల కోసం 18 మీటలున్న ప్రత్యేకమైన చిన్న పలకను వాడింది. రాయడానికి ఒకటి, అడగడానికి ఒకటి. అది నిర్దోషమైన పరిష్కారమే కాని, రెండో పలకను ఎక్కడికైనా వెంట మోసుకుపోవాలి. ప్రమాదంలో చూపు కోల్పోయిన మోటారుసైకిల్ పందేల వీరుడు టెడ్ హెంటర్ స్థాపించిన సంస్థ నుంచి వచ్చిన ‘జాస్’ అనే ప్రోగ్రాము, ఉన్న కీబోర్డులోనే ‘ఇన్‌సర్ట్’ మీటను తనకోసం కేటాయించుకొంది. ఇన్‌సర్ట్‌తో కలిపి నొక్కినది ఆజ్ఞ, విడిగా నొక్కినది అక్షరం. జాస్ ఖరీదైనది. 2006లో ఆస్ట్రేలియాలో చూపులేని యువకుడు మైకేల్ కరన్ ప్రారంభించగా, చూపులేని అతడి మిత్రుడు జేమ్స్ టే తోడై పెంపొందించిన ‘ఎన్‌వీడీఏ’ను ఎవరైనా ఉచితంగా పొందవచ్చు. మామిడిపల్లి విద్యార్థి వాడింది ఇదే. ‘ఈస్పీక్’ అనే ఉచిత స్వరయంత్రం తోడైతే ఇది తెలుగును కూడా పలుకుతుంది. ఆ గొంతులో మాధుర్యం వెతకరాదు. ఉచ్చారణ మాత్రం కొంత అలవాటు మీద స్పష్టంగానే అందుతుంది.

ఎన్‌వీడీఏ కూడా ఇన్‌సర్ట్ మీటనే ఆజ్ఞామీటగా గ్రహించింది. ల్యాప్‌టాప్‌లలో అది చేతికి అందనిచోట ఉంటుంది కనుక, కోరుకొన్నవారు క్యాప్స్‌లాక్‌ను ఆ పనికి నియమించుకోవచ్చు. అప్పుడు క్యాప్స్‌లాక్ అసలు పని ఏం కావాలి? దానికి చక్కని ఉపాయం ఉంది. ఆ మీటను వెంటవెంటనే రెండుసార్లు నొక్కితే ద్వారపాలకుడు తప్పుకొని దాని సహజధర్మాన్ని నెరవేరనిస్తాడు. మరే మీటనైనా తాకకుండా పంపదలిస్తే ముందుగా ఆజ్ఞామీటతో ఎఫ్2 నొక్కాలి. తరువాతి మీట నేరుగా లోపలికి పోతుంది. ఏ మీట ఏం చేస్తుందో తెలియని కొత్తవారు ఆజ్ఞామీటతో 1 నొక్కితే, ఆపై నొక్కిన ప్రతి మీట పేరూ పనీ వినిపిస్తుంది గాని పని మాత్రం జరగదు. ఇది మంచి గురువు లక్షణం. మాట్లాడుతున్న గొంతును ఆపాలంటే కంట్రోల్, కాసేపు నిలిపి మళ్లీ కొనసాగించాలంటే షిఫ్ట్.

అంతర్జాలపు పుటలు చదివేటప్పుడు ఈ విభజన మరింత సూక్ష్మమవుతుంది. అక్కడ రాయవలసింది తక్కువ, తిరగవలసింది ఎక్కువ. అందువల్ల ఆజ్ఞామీట అవసరం లేకుండానే ‘హెచ్’ నొక్కితే తరువాతి శీర్షికకు, ‘టి’ నొక్కితే పట్టికకు, ‘కె’ నొక్కితే లంకెకు స్క్రీన్ రీడర్ తీసుకుపోతుంది. అదే పుటలో పేరు రాయవలసిన గడి వచ్చినప్పుడు మాత్రం ఆ మీటలు మళ్లీ అక్షరాలు కావాలి. మొదటిదాన్ని చదివే స్థితి అనీ, రెండోదాన్ని రాసే స్థితి అనీ అనవచ్చు. గడిలోకి వెళ్లినప్పుడు చాలావరకు స్థితి తానే మారుతుంది, మారినట్లు చిన్న ధ్వని వినిపిస్తుంది. ఆ ధ్వనిని వినకపోతే పేరు రాస్తున్నానని భ్రమించి పుట అంతా గెంతుతూ తిరగవలసివస్తుంది. మా విద్యార్థి మొదటి నెలలో పలుమార్లు ఇలాగే దారి తప్పి, తనమీద తానే నవ్వుకొన్నాడు.

తెలుగు రాయడం మొదలుపెట్టాక మాత్రం నవ్వు తగ్గింది. ‘స్త్రీ’ అనే ఒక్క అక్షరాన్ని తీసుకోండి. వ్యాకరణం తెలిసినవారు దాన్ని విడదీస్తే సకార, తకార, రేఫలు మూడు హల్లులు, ఒక దీర్ఘాచ్చు. కంప్యూటరుకు మాత్రం అవి ఆరు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. ఇన్‌స్క్రిప్ట్‌లో వరుసగా ఎమ్, డి, ఎల్, డి, జె, ఆర్ మీటలు. రాసేవాడు ఆరుసార్లు నొక్కాలి. తెర మీద ఏర్పడేది ఒకే అక్షరం. చూపున్నవాడికి ఆ అక్షరం కళ్లముందే రూపుదిద్దుకొంటుంది. చూపులేనివాడికి ఏం వినిపించాలి? ఆరు పేర్లా, ఒక పలుకా? ఆజ్ఞామీటతో 2 నొక్కి టైపు చేసిన ప్రతి అక్షరమూ వినిపించేలా, 3 నొక్కి మాట పూర్తయ్యాక మాట వినిపించేలా ఏర్పాటు చేసుకోవచ్చు. పద్యం రాసేవాడికి రెండూ కావాలి. ఇక్కడ ఒక సూక్ష్మాన్ని గమనించాలి. స్క్రీన్ రీడర్ ఆజ్ఞలను పట్టుకొనేది 77 అనే మెట్టు దగ్గర. రాసిన అక్షరాన్ని వినిపించడానికి చెవి ఒగ్గేది మాత్రం 3128 అనే మెట్టు దగ్గర, అంటే భాష నిర్ణయమయ్యాక. మొదటి మెట్టు దగ్గరే పలికితే ‘స’ రాసినవాడికి ‘ఎమ్’ అని వినిపిస్తుంది.

చెరపడం ఇంకా కష్టం. చాలా ప్రోగ్రాములలో ‘స్త్రీ’ తరువాత నిలిచి బ్యాక్‌స్పేస్ నొక్కితే చివర చేరిన గుడిదీర్ఘం ఒక్కటే పోయి ‘స్త్ర’ మిగులుతుంది. ముందు నిలిచి డిలీట్ నొక్కితే మొత్తం అక్షరం పోతుంది. బాణపు మీటతో కదిలితే ఆరింటినీ ఒకటిగా దాటుతుంది. రాయడంలో ఆరు, దాటడంలో ఒకటి, చెరపడంలో ఏ పక్క నుంచి వచ్చామన్నదాన్ని బట్టి ఒకటో ఆరో! చెరిపినదాని పేరు చెప్పడానికి స్క్రీన్ రీడర్, మీటను లోపలికి పంపే ముందే ఎడమపక్క ఏముందో చూసి గుర్తుపెట్టుకొంటుంది. పూర్తి సంయుక్తాక్షరాన్నే ఒక అక్షరంగా లెక్కించినచోట, పోయింది దీర్ఘమే అయినా ‘స్త్రీ’ పోయినట్లు వినిపించే ప్రమాదం ఉంది. అందుకని మా విద్యార్థి ఒక అలవాటు చేసుకొన్నాడు. బ్యాక్‌స్పేస్ నొక్కిన ప్రతిసారీ ఎడమ బాణంతో ఒకడుగు వెనక్కి వేసి, మిగిలింది ఏమిటో విని, మళ్లీ ముందుకు వస్తాడు. పోయినదాని మాట నమ్మడు. ఈ పద్ధతి నిదానమే. వర్ణానికీ అక్షరానికీ గల భేదాన్ని వేళ్లతో నేర్చుకొన్న విద్యార్థిని నేను అంతకుముందు చూడలేదు.

ప్రసంగవశాత్తు ఒక మాట చెప్పాలి. తెలుగు ముద్రణలో ఏళ్ల తరబడి వాడుకలో ఉన్న ‘అను’ వంటి పాత ఫాంట్లలో అక్షరానికి 3128 వంటి నిజమైన తెలుగు సంఖ్య లేదు. ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు బొమ్మలు కూర్చారు. కంటికి అది నిండు తెలుగు, స్క్రీన్ రీడర్‌కు అర్థంలేని ఇంగ్లీషు. ఆ ఫాంట్లలో కూర్చిన పాఠ్యపుస్తకం కంప్యూటరులోకి చేరినా చూపులేని పిల్లవాడికి చేరనట్లే.

కీబోర్డు ఒక్కటే సాధనం కాదు. బ్రెయిలీ పలకలలో ఆరు చుక్కలకు ఆరు మీటలుంటాయి. ఒక అక్షరానికి కావలసిన చుక్కల మీటలన్నీ ఒక్కసారి నొక్కాలి. అయితే వేళ్లు సరిగ్గా ఒకే క్షణాన దిగవు కదా! అందువల్ల అక్కడ నొక్కిన ఘటనను బట్టి కాక, వదిలిన ఘటనను బట్టి అక్షరం నిర్ణయమవుతుంది. వేలు ఎత్తేదాకా అక్షరం లేదు. 1951 నుంచి భారతీయ భాషలన్నిటికీ ఉమ్మడిగా ఉన్న భారతీ బ్రెయిలీలో మరో విశేషం ఉంది. పొల్లు గుర్తు హల్లుకు తరువాత కాక ముందు వస్తుంది. కంప్యూటరులో తరువాత రాసే పొల్లును అక్కడ ముందే రాయాలి. రెండూ వాడే విద్యార్థి వేళ్లకు రెండు వర్ణక్రమాలు తెలిసి ఉండాలి.

చేతులు సహకరించనివారి కోసం విండోస్‌లోనే వేరే ఏర్పాట్లున్నాయి. రెండు మీటలు ఒకేసారి పట్టుకోలేనివారికి షిఫ్ట్ వంటి మీట ఒకసారి నొక్కితే తరువాతి మీట దాకా నిలిచి ఉండేది స్టిక్కీ కీస్. వణికే వేళ్లు పొరపాటున తాకిన మీటలను విస్మరించేది ఫిల్టర్ కీస్. షిఫ్ట్‌ను వరుసగా ఐదుసార్లు నొక్కితే స్టిక్కీ కీస్ గురించి ప్రశ్న తెర మీదికి వస్తుంది. ఒకరికి మేలు చేసే ఏర్పాటు మరొకరికి అడ్డు తగలడం ఇక్కడ చూడవచ్చు. ఎన్‌వీడీఏ గొంతును నిలపడానికి షిఫ్ట్‌ను పదేపదే తాకే విద్యార్థికి, రాస్తున్న జవాబు మధ్యలో పిలవని పేరంటంలా ఈ ప్రశ్న ఎదురవుతుంది.

ప్రతి మీటనూ వినగల ప్రోగ్రామును అనుమానించవలసిన సందర్భం కూడా ఉంది. రహస్యపదాలు దొంగిలించే ప్రోగ్రాములు నిలబడేది కూడా ఈ ద్వారం దగ్గరే. రహస్యపదం రాసే గడిలో స్క్రీన్ రీడర్ అక్షరానికి బదులు నక్షత్రం పేరు చెబుతుంది, పక్కవారు వినకుండా. లినక్స్‌లో కొత్తగా వచ్చిన ‘వేలాండ్’ ఏర్పాటు ఒక ప్రోగ్రాముకు రాసిన మీటను మరొక ప్రోగ్రాము వినకుండా గట్టి కట్టుదిట్టం చేసింది. దొంగలకు తలుపు మూసిన ఆ కట్టుదిట్టం వల్ల ‘ఓర్కా’ అనే స్క్రీన్ రీడర్‌కూ చిక్కులొచ్చాయి. దానికోసం ప్రత్యేకంగా ఒక దారి విడిచిన గ్నోమ్ 48 వెలువడేసరికి 2025 మార్చి వచ్చింది. భద్రత పేరుతో గోడ కట్టేవారు ముందే ఒక్కసారి చూపులేనివారిని అడిగి ఉంటే ఇంత కాలం పట్టేది కాదని నా అభిప్రాయం.

ప్రభుత్వం 2018 ఆగస్టులో జారీచేసిన మార్గదర్శకాలు వైకల్యంగల అభ్యర్థి కంప్యూటరు మీద పరీక్ష రాయడానికి అనుమతి ఇవ్వవచ్చని చెప్పాయి. ఆ యంత్రాన్ని ఒకరోజు ముందుగా పరిశీలించుకొనే అవకాశం కూడా కల్పించాలన్నాయి. మా కళాశాలలో ఆ విద్యార్థి అర్ధసంవత్సర పరీక్షను అలాగే రాశాడు. ముందురోజు సాయంత్రం అతడితోపాటు కంప్యూటరు గదిలో కూర్చున్నాను. మొదట ఇన్‌సర్ట్ మీట ఎక్కడుందో తడిమి చూసుకొన్నాడు. అది లేకపోవడంతో క్యాప్స్‌లాక్‌ను ఆజ్ఞామీటగా మార్చుకొన్నాడు. షిఫ్ట్ ఐదుసార్లు నొక్కి, వచ్చిన ప్రశ్న మళ్లీ రాకుండా ఆ ఏర్పాటును ఆపాడు. ఇన్‌స్క్రిప్ట్ అమరిక ఉన్నదో లేదోనని ‘స్త్రీ’ రాసి, చెరిపి, వెనక్కి అడుగువేసి విన్నాడు. తరువాత ‘సత్యము’ రాశాడు. యకారపు వత్తు దగ్గర ఆగి రెండుసార్లు విన్నాడు. అంతలో విమానాశ్రయానికి దిగుతున్న విమానం గది మీదుగా పోయింది. 2008 నుంచి మా పాఠాలకు ఈ మోత అలవాటే, మేము ఒక్క నిమిషం ఆగి మళ్లీ మొదలుపెడతాం. అతడు మాత్రం తల ఎత్తి, “సార్, రేపు చెవులకు పెట్టుకొనేవి తెచ్చుకోవచ్చా? విమానం పోయేటప్పుడు వత్తులు వినబడట్లేదు” అన్నాడు.